సుంకులమ్మ గూట్లో వేలిముద్ర

పోయిన వారం హిమబిందుని ఆమె షెడ్డు గుమ్మంలోనే నిలబెట్టి వచ్చాం. ఆమె చేతిలో ల్యాబ్ రిపోర్టు ఉంది. ఎదురుగా నాగార్జున తెల్లకారు ఆగింది. కారు తలుపు తెరుచుకుని రేణుక కాలు కింద పెట్టింది.

రిపోర్టులో ఒక్క మాటే హిమబిందు గుండెల్లో గుచ్చుకుంది. సిరిగేరి రోడ్డు పక్కన, పాత వడ్ల గోడౌనులో ఆమె తయారుచేసే 'ఎండగొడుగు' క్రీములో ఆక్సిబెంజోన్ ఉందట. ఎండని ఆపే రసాయనమే అది. కాకపోతే సముద్రంలో మునిగేవాళ్ళ ఒంటి మీద నుంచి నీళ్ళలోకి జారితే పగడాలకు చెరుపు చేస్తుందని పరిశోధనలు హెచ్చరిస్తున్నాయి. అది లేని క్రీము వెతుక్కుంటూనే అండమాన్ డైవింగ్ పడవల సంఘం తరఫున రేణుక ఇంత దూరం వచ్చింది. లేదని మాటిచ్చి హిమబిందు ట్యూబులు పంపింది. ఉందని ల్యాబు తేల్చింది.

దానికి తోడు ఇంకో దెబ్బ. ప్రతి బ్యాచ్‌లోంచీ కొంచెం తీసి అలమరలో దాచిన సీసాలు మాయమయ్యాయి. తను చేసింది శుభ్రమైన క్రీమేనని చూపించడానికి ఆమె దగ్గర చిటికెడు సాక్ష్యం మిగల్లేదు. కనీసం ఆ మధ్యాహ్నం దాకా మిగల్లేదనే ఆమె అనుకుంది.

"ఏటమ్మా ఇదీ?" అంది రేణుక.

కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. ఉప్పుగాలికి రాటుదేలిన మొహం, నలభై దాటిన వయసు. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగామె. తాత ఎప్పుడో శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వెళ్ళినవాడు. సముద్రం అడుగున పగడాల మధ్య తిరగడం ఆమెకి బతుకుతెరువూ, ప్రాణమూ.

"నీ మాట నమ్మి మా పడవలోళ్ళందరికీ చెప్పీసాను, ఇదే మన క్రీము అని. మొహం మీద చెప్పకుండా పోవడం ఇష్టంలేక వచ్చాను. ఈయన కంపెనీకే సంతకం పెడతన్నాను."

"మేడం మంచితనం అండీ అది. లేకపోతే ఈ బురదలోకి ఎవరొస్తారు?" నాగార్జున కారుకి ఆనుకుని నవ్వాడు. నీలం చొక్కా, మెరుస్తున్న బూట్లు. ఒకప్పుడు బళ్ళారి కాలేజీలో హిమబిందు పక్క బెంచీ. ఇద్దరూ కలిసే ఈ యూనిట్ మొదలుపెట్టారు. తెల్లగా అంటుకునే జింకు క్రీము ఎవరు కొంటారు, చవకరకం రసాయనాలు కలిపేద్దాం, అద్దంలా ఉంటుంది అని అతను. కుదరదని ఆమె. విడిపోయి, అతను హగరిలో సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. "చిన్న యూనిట్లకి ఇలాంటివి మామూలే మేడం. అయినా ఈ క్రీము పూసుకుంటే బయలాటకి వేషం కట్టినట్టుంటుంది. నాట్లేసే ఆడోళ్ళకి చాల్లే. టూరిస్టులకి పనికొస్తుందా?"

షెడ్డు అరుగు మీద కూర్చుని ట్యూబులకి మూతలు బిగిస్తున్న ఆడవాళ్ళు తలలెత్తారు. అందరికన్నా ముందు లేచింది దుర్గక్క. చీర మీద మొగుడి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, తలకి తువ్వాలు. బుగ్గల మీదా మెడ మీదా తెల్లటి పూత.

"ఏందప్పా, మా మొగాలు నీకేమన్నా అడ్డమొచ్చినాయా? వేషమంటివి కదా, మా వేషానికి చప్పట్లన్నా కొడతారు. నీ వేషం చూసి కుక్కలు గూడా మొరగల్యా."

అరుగంతా గొల్లుమంది. నాగార్జున చెవులు ఎర్రబడ్డాయి.

హిమబిందు మాత్రం నవ్వలేదు. ఈ ఆడవాళ్ళంతా నడుం వంచి నాట్లేసేవాళ్ళు. పైనుంచి ఎండ, కింద మడిలో నీళ్ళ మీద పడి ఎగజిమ్మే ఎండ. చర్మం పొరలుగా ఊడి దుర్గక్క మెడ పుండైన రోజే ఈ క్రీము ఆలోచన పుట్టింది. ఇవాళ రేణుక వెనక్కి తిరిగి వెళ్ళిపోతే 'ఎండగొడుగు' పేరు వినగానే జనానికి మోసం అన్న మాటే గుర్తొస్తుంది. దాంతోపాటు తన పేరు కూడా.

"నాకు ఒక్క అవకాశం ఇవ్వండి రేణుకగారూ."

"ఇస్తాను. దాచిన సీసాలు చూపించు. అందులో లేదంటే నమ్ముతాను."

"పోయాయి."

"చూశారా?" అన్నాడు నాగార్జున మెల్లిగా. "ఎంత అనుకూలంగా పోయాయో!"

హిమబిందు లోపల ఖాళీ అలమర వైపు చూసింది. ఏం చెప్పినా సాకులాగే వినిపిస్తుంది. రేణుక నిట్టూర్చి కళ్ళజోడు పెట్టుకుంది. కారు వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడు లోపల కొత్త బ్యాచ్ దిగింది. జగడం జగడమే, పని పనే. దుర్గక్క లోపలికి పోయి, గిన్నెలోంచి మొదటి ముద్ద తీసి చిన్న మట్టి ప్రమిదలో పెట్టుకుని బయటికి వచ్చింది. గుమ్మం పక్కన గోడలో సుంకులమ్మ గూడు ఉంది. పసుపు రాసిన రాయి, దాని ముందు చమురు దీపం. దుర్గక్క ఆ ముద్ద మధ్యలో బొటనవేలు గట్టిగా అదిమి, ప్రమిదని గూట్లో పెట్టి, చెంపలేసుకుంది.

ఎప్పుడూ చూసేదే. చూసి చూసి కంటికి ఆనడం మానేసిన పని.

హిమబిందు చూపు ఆ వేలి గుంట మీద ఆగిపోయింది.

"ఆగండి!" ఆ కేకకి రేణుకే కాదు, కాలువ గట్టు మీద మేస్తున్న గేదె కూడా తలెత్తింది. "రేణుకగారూ, ఆగండి. నా దగ్గర ప్రతి బ్యాచ్ ఉంది. పోయిన దసరా నుంచి ఇవాళ్టి దాకా!"

నాగార్జున నవ్వు సగంలో ఆగింది.

*

ఆ గూడు కథ చెప్పుకోవాలి.

గోడౌను హిమబిందు పెదనాన్న పెదబాబుది. గోదావరి నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పెట్టిన కుటుంబం వాళ్ళది. ఆడపిల్లకి ఫ్యాక్టరీ ఏంటని, అలా వలసొచ్చినవాళ్ళు కట్టుకున్న క్యాంపులో అందరూ నవ్వినప్పుడు తాళంచెవులు ఆమె చేతిలో పెట్టినవాడు ఆయనే. నూర్పిడి మిషను బెల్టులో చెయ్యి నలిగి ఆస్పత్రిలో పడ్డప్పుడు దుర్గక్క ఆయన కోసం సుంకులమ్మకి మొక్కుకుంది. చెయ్యి దక్కింది. అప్పటి నుంచి ఆయనకి ఆ తల్లంటే భక్తి కన్నా భయం ఎక్కువ. ఆమెకి మొదటి పిడికెడు ఇవ్వనిదే విత్తనం చల్లడు, మిల్లు తిప్పడు. యూనిట్ మొదలైన రోజు గూడు కట్టించింది కూడా ఆయనే.

మొదటి ముద్ద అమ్మకి. కలిపినవాళ్ళు అందులో వేలు అదమాలి. ఎవరు కలిపిందీ అమ్మకి తెలియాలి. ఆ ప్రమిదల్ని దసరా దాకా ఎవరూ ముట్టుకోరు. దసరా నాడు అన్నీ కలిపి పాతిపెడతారు.

"అంటే పోయిన దసరా నుంచి చేసిన ప్రతి బ్యాచూ గూట్లో ఉంది," అంది హిమబిందు ఊపిరి అందకుండా. "సీసాలు ఎత్తుకుపోయినవాడు వీటి జోలికి రాలేదు."

రేణుక గూటి దగ్గరికి నడిచింది. వరసలు వరసలుగా ప్రమిదలు. ఎండి సున్నంలా గట్టిపడ్డ తెల్లముద్దలు. ఒక్కో దాని మధ్యలో ఒక్కో వేలి గుంట.

"బానే ఉన్నాది. మరి వీటిని రాత్రికి రాత్రే మార్చలేదని గ్యారంటీ ఏటి?"

"మసి చూడండి. రోజూ దీపం వెలుగుతుంది. పొగ వీటి మీద పేరుకుంటుంది. వెనక వరస పాతది, నల్లగా తోలులా పట్టేసింది. ముందుకొచ్చే కొద్దీ పలచబడుతుంది. ఇంత మసిని ఒక్క పూటలో ఎవరు పట్టించగలరు?"

రేణుక వేలితో ఒక ముద్ద అంచు గీకింది. నల్లటి పొర కింద తెల్లటి క్రీము మెరిసింది. ఆమె కళ్ళలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. సంచిలోంచి పసుపు రంగు మందున్న చిన్న సీసా తీసింది.

"పడవ ఎక్కే టూరిస్టుల ట్యూబులు నేను దీంతోనే పట్టుకుంటాను. చుక్క వేస్తే ఆక్సిబెంజోన్ ఉన్నది ఇటుక రంగుకి తిరుగుతాది. ఇది జల్లెడే, చివరి మాట ల్యాబ్‌దే. కానీ జల్లెడ నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు."

"మేడం, మనకి టైమవుతోంది..." అన్నాడు నాగార్జున.

"నాకవట్లేదు."

మొదటి ప్రమిద. మసి కింద నుంచి గోరంత గీకి, గాజుపలక మీద పెట్టి చుక్క వేసింది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. పసుపు చుక్క పసుపుగానే ఉండిపోయింది. రెండోదీ అంతే. మూడోదీ, నాలుగోదీ. ఒక్కొక్కటీ తేలుతున్న కొద్దీ వెనక నుంచి "హౌదు, నిజమే!", "అట్ల చూపించమ్మా!" అని కేకలు మొదలయ్యాయి.

దుర్గక్కకి మధ్యలో అనుమానం వచ్చింది. "యమ్మా, ఒక మాట అడుగుతా. పగడమంటే ఉంగరంలో రాయి గదా? రాయికి క్రీము తగిల్తే ఏమయితాది?"

రేణుక చుక్క వేస్తూనే చెప్పింది. "రాయి కాదక్కా. అది ప్రాణి. వేలకి వేలు చిన్న ప్రాణులు ఒకదానికొకటి అంటుకుని కట్టుకున్న ఊరు. దాంట్లోనే చేపలు గుడ్లు పెడతాయి. దానికి కష్టమొస్తే రంగు పోయి తెల్లబడిపోతాది."

"నారుమడిలో మందెక్కువైతే నారు తెల్లబడతాది, అట్లనా?"

"అట్లాగే. నిజం చెప్పాలంటే సముద్రం వేడెక్కడమే పెద్ద శత్రువు. దాన్ని నేనొక్కదాన్నీ ఆపలేను. కానీ మా పడవ దిగే మనిషి ఒంటి మీద ఏ క్రీము ఉండాలో, అది నా చేతిలో ఉన్నాది. ఆ ఒక్కటీ వదులుకోను." ఆమె తలెత్తి చుట్టూ ఉన్న ఆడవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు చూసి హఠాత్తుగా నవ్వింది. "ముందు చొక్కా వేసుకోండి, టోపీ పెట్టుకోండి, మిగిలిన చోటే క్రీము పూసుకోండి అని టూరిస్టులకి చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. మీరు నాకన్నా ముందే మొదలెట్టీసారు!"

"చొక్కాలు మావి గాదులే యమ్మా. మా మొగోళ్ళవి. వాళ్ళు బనీనుతో తిరుగుతాండారు," అంది దుర్గక్క. మళ్ళీ నవ్వులు.

వరసలన్నీ అయిపోయాయి. అన్నీ శుభ్రం. రేణుక పలక తుడిచి సీసా మూత పెట్టబోయింది.

"ఇంకొకటుంది," అంది హిమబిందు.

గూటి వెనక మూలలో, పాత ప్రమిదల చాటున, ఒకటి ఒంటరిగా కూర్చుని ఉంది. ఆమె దాన్ని ముందే గమనించింది. వెనక వరసది కాబట్టి నల్లగా ఉండాలి. దాని మీద మసి మాత్రం పొడి చల్లినట్టు పలచగా ఉంది.

దుర్గక్క ఆమె చెవి దగ్గర గొణిగింది. "ఇడిసిపెట్టు హిమమ్మా. గెల్చినావు కదా. సుమ్నే ఊరికెనే దాన్నెందుకు కదిలిస్తావు?"

హిమబిందు ఒక్క క్షణం తటపటాయించింది. వదిలేస్తే ఎవరూ అడగరు. వదిలేస్తే రేపు ల్యాబ్ రిపోర్టు ఎలా వచ్చిందన్న ప్రశ్న తనని పడుకోనివ్వదు.

"అన్నీ అంటే అన్నీ," అని తనే తీసి ఇచ్చింది.

చుక్క పడింది.

పసుపు కాస్తా నారింజ అయింది. నారింజ ఇటుక రంగుకి తిరిగింది.

కేకలన్నీ టక్కున ఆగిపోయాయి. నాగార్జున చప్పట్లు కొట్టాడు, మెల్లిగా, ఒక్కొక్కటీ విడివిడిగా.

"భేష్! మీ అమ్మవారే పట్టిచ్చింది హిమబిందుగారూ. దొరికిపోయారు. మేడం, వెళ్దామా?"

*

హిమబిందు అతని వైపు చూడలేదు. ప్రమిదని ఎండలోకి ఎత్తి పట్టుకుంది. తల అడ్డంగా తిప్పుతూ, ఒక కన్ను మూసి, ముద్ద మధ్యలో ఉన్న వేలి గుంట చూసింది.

"దుర్గక్కా, నీ వేలు పెట్టు ఇందులో."

దుర్గక్క పెట్టింది. పెద్ద బావిలో చిన్న చెంబు దించినట్టుంది. గుంట నిండలేదు, చుట్టూ సందు మిగిలింది.

"కావేరీ, నువ్వు పెట్టు." కావేరి వేలూ అంతే. ఈ యూనిట్లో క్రీము కలిపేది వీళ్ళిద్దరే.

"ఇది మా వేలు గాదమ్మా," అంది దుర్గక్క. ఆమె గొంతు మారిపోయింది. "ఇది మొగోడి వేలు. మా గిన్నె మొగోడెవడూ ముట్టల్యా, ఇంతవరకూ ముట్టల్యా!"

"ఎప్పుడు మనమెవ్వరం ఇక్కడ లేం? మసి చూస్తే ఇది ఈమధ్యదే."

కావేరి టక్కున అంది. "పీర్ల పండగ! అందరం సిరిగేరికి నిప్పుల గుండం చూసేకి పోతిమి కదక్కా. షెడ్డుకి తాళమేసినాము."

"ఆ వారమే ల్యాబ్‌కి ట్యూబులు నింపాం," అంది హిమబిందు. ఇప్పుడు ఆమె మాటలు మేకులు దిగ్గొట్టినట్టు ఒక్కొక్కటీ పడుతున్నాయి. "పండగ రోజు ఎవడో ఈ షెడ్డులోకి వచ్చాడు. మన గిన్నెలోనే విషం కలిపిన క్రీము తిప్పాడు. మన డబ్బాలో పోశాడు. మనం మర్నాడు ఆ డబ్బాలోంచే ట్యూబులు నింపి పంపాం. తర్వాత అసలు క్రీము దాచిన సీసాలు ఎత్తుకుపోయాడు. అంతా పక్కాగా చేశాడు రేణుకగారూ. ఒక్క చోట తప్పాడు. మొదటి ముద్ద అమ్మకి ఇవ్వకుండా గిన్నె దించడానికి వాడికి ధైర్యం చాల్లేదు. వేలు కూడా అదిమాడు. దొంగపని చేస్తూ కూడా ఎవరు చేసిందీ అమ్మకి చెప్పుకుని పోయాడు!"

రేణుక నోరు తెరుచుకుని వింటోంది. ఆ తర్వాత ఆమె పెదాలు మెల్లగా సాగాయి. "నా సర్వీసులో ఇంత భక్తి గల దొంగని చూడలేదమ్మా."

దుర్గక్క ఆగలేదు. విసురుగా వెళ్ళి నాగార్జున చెయ్యి పట్టుకుంది. "ఏదప్పా, నీ వేలు పెట్టు చూస్తాం!"

"ఏయ్, వదులు! ఏంటిది?"

వదల్లేదు. వేలు గుంటలో దిగింది. సన్నటి, నాజూకు వేలు. అదీ నిండలేదు.

అతనిది కాదు. కానీ హిమబిందు అతని మొహాన్నే చూస్తోంది. ప్రమిద ఇటుక రంగుకి తిరిగినప్పుడు చప్పట్లు కొట్టినవాడు, వేలిముద్ర బయటపడగానే పాలిపోయాడు. ఆ గుంట ఎవరిదో ఇతనికి తెలుసు.

దాని సంగతి తర్వాత. ముందు చేతిలో ఉన్న పని.

"రేణుకగారూ, నాగార్జున మీకిచ్చిన ట్యూబు మీ దగ్గర ఉందా?"

ఉంది. 'నీలతీరం', ముందువైపు తాబేలు బొమ్మ, పగడం బొమ్మ. వెనక, జింక్ ఆక్సైడ్, నానో కాదు, ఆక్సిబెంజోన్ లేదు అని ముచ్చటగా అచ్చేసి ఉంది. హిమబిందు చొక్కా జేబులోంచి ఇంకో ట్యూబు తీసింది. అదే తాబేలు, అదే పగడం, వెనక అవే అక్షరాలు.

"ఇది నేను నిన్న కూరెకుప్పలో మందులషాపులో కొన్నాను."

షెడ్డు ముందు నల్లరాతి బండ ఉంది. రెండు ట్యూబుల్లోంచీ చెరో గీత బండ మీద గీసి వేలితో రుద్దింది. రేణుకకి ఇచ్చిన ట్యూబు గీత తెల్లగా మెరిసింది. షాపులో కొన్నది రుద్దగానే ఇంకిపోయి మాయమైంది. బండ మళ్ళీ నల్లబండ.

"ఒకే పేరు. ఒకే లేబులు. రెండు క్రీములు," అంది హిమబిందు. "చూపించడానికొకటి, అమ్మడానికొకటి."

"అది... అది నానో టెక్నాలజీ మేడం!" నాగార్జున గొంతు కీచుగా వచ్చింది. "లేటెస్టు. జింకే, కాకపోతే పొడి మరీ సన్నం, కంటికి కనబడదు..."

"నానో కాదని మీరే అచ్చేయించారు కదా, నాగార్జునగారూ," అంది రేణుక చల్లగా. "నానో అయితే మా సంఘానికి వద్దు. నానో కాకపోతే మరి ఆ తెలుపు ఏమైపోయింది?"

నాగార్జున జేబులో కారు తాళాలు తడుముకున్నాడు.

రేణుక అడగకుండానే సీసా మూత తీసింది. షాపు ట్యూబులోంచి చిటికెడు పలక మీద పెట్టి చుక్క వేసింది. ఈసారి ఎదురుచూడాల్సిన పనే లేకపోయింది. చుక్క తగిలిన వెంటనే ఇటుక రంగు.

షెడ్డు కప్పు లేచిపోయేలా అరిచారు ఆడవాళ్ళు. ఎవరో ఖాళీ డబ్బా మీద దరువు మొదలుపెట్టారు. కావేరి రెండు వేళ్ళూ నోట్లో పెట్టి ఈల వేసింది, పొలంలో పిట్టల్ని తోలే ఈల.

"పాత స్టాకు అది... డిస్ట్రిబ్యూటర్ తప్పు... నేను కనుక్కుంటాను మేడం." నాగార్జున కారు తలుపు కోసం వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. మెరిసే బూటు ఒకటి కాలవగట్టు బురదలో మడమదాకా దిగింది. లాక్కుంటే కాలు వచ్చింది, బూటు రాలేదు.

"బూటు ఇడిసిపెట్టిపో అప్పా!" దుర్గక్క కేకేసింది. "దసరాకి దాన్ని గూడా పూడ్చిపెడతాం!"

ఒంటి బూటుతో కారెక్కి, దుమ్ము లేపుకుంటూ పోయాడు. కారులో వచ్చిన రేణుక పెట్టె మాత్రం అరుగు మీదే ఉంది. ఎప్పుడు దింపారో, ఎవరు దింపారో హిమబిందు చూడలేదు.

రేణుక లోపలికి నడిచింది. అప్పుడే దిగిన బ్యాచ్ ముందు నిలబడి, తన చేత్తోనే మూడు సీసాలు నింపి, తన సంతకంతోనే మూతలకి సీలు వేసింది. "ఇవి నేను స్వయంగా ల్యాబ్‌కి పట్టుకెళ్తాను. కాగితం కోసం. నాకైతే కాగితం అక్కర్లేదు." అంటూ గిన్నె అంచున మిగిలిన క్రీము రెండు వేళ్ళతో తీసి, ముక్కు మీదా బుగ్గల మీదా అడ్డంగా పూసుకుంది. బయటికొచ్చి కాలవలోకి దిగి, మోకాలి లోతు నీళ్ళలో తల ముంచి లేచింది. నీళ్ళు కారుతున్న మొహం మీద తెల్లటి పట్టీలు చెక్కుచెదరలేదు.

"బయలాట వేషం!" అని నవ్వింది. "ఈ సీజను నుంచి మా పడవల్లో ప్రతి ఒక్కరికీ ఇదే వేషం కడతాను. కనబడకపోతే పూసుకోలేదని అర్థం. నాకు చెకింగు కూడా తేలిక. సంతకం నీకే తల్లీ."

దుర్గక్క హిమబిందుని గట్టిగా కావలించుకుంది. ఇద్దరి బుగ్గల మీద తెలుపూ ఒకరిది ఒకరికి అంటుకుంది.

*

సాయంత్రానికి వార్త క్యాంపంతా పాకింది. రేణుకని అరుగు మీద కూర్చోబెట్టి ఆడవాళ్ళు జొన్నరొట్టె, గుంటపొంగణాలు తినిపిస్తున్నారు. ఆమె వాళ్ళకి తాబేళ్ళ కథలు చెబుతోంది.

హిమబిందు గూటి దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. చేతిలో ఆ ప్రమిద. గెలిచిన సంతోషం ఇంకా ఒంట్లో వేడిగా తిరుగుతూనే ఉంది. కానీ ఒక ప్రశ్న పంటి కింద రాయిలా తగులుతోంది. వేసిన తాళం పగల్లేదు. వచ్చినవాడి దగ్గర తాళంచెవి ఉంది. వాడికి సుంకులమ్మ అంటే భయం ఉంది. మొదటి ముద్ద ఆచారం తెలుసు.

ఏటవాలు ఎండలో వేలి గుంట లోతుగా కనిపించింది. మధ్యాహ్నం హడావిడిలో చూడనిది ఇప్పుడు చూసింది. గుంట అడుగున, ఈ చివర నుంచి ఆ చివరికి, ఒక గీత ఉబ్బెత్తుగా లేచి ఉంది. బొటనవేలి మీద లోతుగా తెగిన మచ్చ ఉంటే, క్రీములో ఇలాగే గట్టులా లేస్తుంది.

బుల్లెట్టు చప్పుడు. ఆ బండి హిమబిందుకి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"ఎక్కడే మా అమ్మడు? ఎక్కడే?" పెదబాబు సిరుగుప్ప నుంచి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. తెల్లపంచె, నుదుటి మీద చెమట, కళ్ళనిండా నీళ్ళు. చేతిలో మిఠాయి పొట్లం. అలవాటు ప్రకారం ముందు గూటి ముందు ఆగి చెంపలేసుకున్నాడు. తర్వాత ఇటు తిరిగాడు. "గెలిచావటగా! ఊరంతా చెప్పుకుంటున్నారు! నాకు తెలుసే, నాకు ముందే తెలుసు!"

హిమబిందు ప్రమిదని వెనక్కి దాచింది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియలేదు.

"నోరు తెరు తల్లీ," అన్నాడు పెదనాన్న.

లడ్డూ ఆమె పెదాల దగ్గరికి వచ్చింది. దాన్ని పట్టుకున్న బొటనవేలు ఆమె కళ్ళకి జానెడు దూరంలో ఆగింది. మిషను బెల్టు కోసిన పాత మచ్చ, ఈ చివర నుంచి ఆ చివరికి.

గోరు సందులో, ఎంత కడిగినా పోని, సన్నటి తెల్లటి గీత.